లోపల ఏముందో చెప్పని నాణేల లాటు: వేలం పాడే ముందు, పార్సిల్ విప్పాక

నాందేడ్ జిల్లా ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ వైపు తెలుగు ఇళ్లలో పాత నాణేల మీద మమకారం ఇవాళ్టిది కాదు. 1948 దాకా ఇదంతా నిజాం రాజ్యం. 1956 నవంబరులో నాందేడ్ జిల్లా బొంబాయి రాష్ట్రంలో కలిసింది, 1960 మేలో మహారాష్ట్ర అయింది. అందుకే ఇక్కడ పాత ట్రంకు పెట్టె అడుగున ఒకే గుడ్డమూటలో నిజాం కొట్టించిన హాలీ రూపాయి, విక్టోరియా రాణి రూపాయి, చిల్లుకాని, నయాపైసా కలిసి దొరుకుతాయి. ఫోన్లో వేలాలు వచ్చాక అమ్మేవాళ్లు ఈ మూటనే ఎరగా వాడుతున్నారు. "తాత కాలం నాటి మూట, విప్పి చూడలేదు", "కిలో పాత నాణేలు, లోపల వెండి ఉండొచ్చు" అని రాసి ఒక ఫొటో పెడతారు. ఇలాంటి లాట్లు, అంటే అన్నీ కలిపి ఒకే ధరకు అమ్మే మూటలు, పాడటం, తెప్పించడం, ఏరడం ఎలా చేస్తానో, ఎక్కడ డబ్బు పోతుందో వరసగా రాస్తున్నాను.

మొదట ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎవరూ చూడని మూట వేలానికి రాదు. వంద నాణేలు చాప మీద పరిచి తెల్లవి, పెద్దవి, ఉర్దూ అక్షరాలవి పక్కకు తీయడానికి అలవాటున్న చేతికి పది నిమిషాలు పట్టదు. లాటుకు వేలు అడుగుతున్న మనిషి ఆ పది నిమిషాలు ఎందుకు పెట్టడు? పెడతాడు. మంచివి తీసి విడిగా అమ్ముతాడు, మిగిలినదానికి రహస్యం అని పేరు పెడతాడు. కాబట్టి నేను ఫొటోలో స్పష్టంగా కనిపించిన నాణేలకే ధర కడతాను. కనిపించని భాగాన్ని చిల్లర కిందే లెక్కేస్తాను. ఏమైనా దొరికితే అది అదనం. దాని కోసం పాట పెంచను.

ఆ చిల్లర ఏమిటో కూడా చాలాసార్లు ముందే తెలుసుకోవచ్చు. వివరాల్లో బరువు, సంఖ్య రెండూ ఇస్తే బరువును సంఖ్యతో భాగించండి. అల్యూమినియం ఒక పైస 0.75 గ్రాము, అయిదు పైసలు 1.5 గ్రాములు, ఇరవై పైసలు 2.2 గ్రాములు. రాగి నికెల్ మిశ్రమపు పావలా 2.5 గ్రాములు, అర్ధరూపాయి 5 గ్రాములు. బ్రిటిష్ కాలపు కాని, అంటే పావు అణా, 1906 తర్వాతిదైతే 4.8 గ్రాముల దగ్గర ఉంటుంది. వెండి రూపాయి 11.66. "కిలో, 600కు పైగా నాణేలు" అంటే సగటు 1.6 గ్రాములు. అది అల్యూమినియం పైసల బస్తా, ఇంకో ఆలోచన అక్కర్లేదు. "కిలో, 400 నాణేలు" అంటే పావలాలు ఎక్కువగా ఉండొచ్చు. 25 పైసలు, అంతకంటే చిన్నవి 2011 జూన్ 30తో చెలామణీ నుంచి పోయాయి. అవి బోరాల కొద్దీ మిగిలాయి, అరుదు కాదు. ఫొటోలో పైన నాలుగు వెండి రూపాయలు మెరుస్తూ ఉండి సగటు రెండు గ్రాములు దాటకపోతే, అడుగున ఏముందో ఆ అంకే చెబుతోంది.

సంఖ్య ఇవ్వకుండా బరువు మాత్రమే ఇస్తే అడుగుతాను. "లెక్కపెట్టలేదు" అంటే ఆ లాటు వదిలేస్తాను. రెండో ప్రశ్న, "ఫొటోలో ఉన్నవే పంపుతారా, అలాంటివి పంపుతారా?" "అలాంటివి" అన్న మాట వివరాల్లో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది ఉంటే ఫొటోకు విలువ లేదు. మూడోది, పెద్ద నాణేలకు రెండు వైపులా, అంచు కనిపించేలా ఫొటోలు. అంచు చూపించడానికి ఇష్టపడని వాళ్లకు తరచూ ఒక కారణం ఉంటుంది. ఆ కారణం మన ప్రాంతపువాళ్లకు బాగా తెలిసినదే.

కిన్వట్, మాహూర్ వైపు లంబాడీ, గోండు ఆడవాళ్లు రూపాయలను దండలుగా వేసుకునేవారు. ఆ రూపాయలకు కంసాలి పై అంచున కొక్కెం అతికేవాడు. దండ తెగనమ్మినప్పుడు కొక్కెం పీకేసి ఆ చోట ఆకురాయితో అరగదీస్తారు. అంచు గీతలు అక్కడ ఆగిపోతాయి, మాటు వేసిన తెల్లటి మచ్చ మిగులుతుంది. కొన్నిటికి రంధ్రం వేసి తర్వాత పూడ్చి ఉంటారు. ఆ దండలకు ఉన్న గౌరవం వేరు. కానీ విడిగా వచ్చిన నాణేన్ని సేకరణ ధరకు కొనడానికి లేదు, వెండి ధరే ఇవ్వాలి. ఫొటోలో రూపాయలన్నీ తలకిందులుగానో, ఒక పక్క ఇంకో నాణెం కప్పుతూనో పేర్చి ఉంటే నేను కొక్కెం మచ్చ ఉందనే అనుకుంటాను.

వెండి లెక్కలోనే జనం ఎక్కువ నష్టపోతారు, అందుకే కాస్త వివరంగా రాస్తాను. బ్రిటిష్ రూపాయి 1939 దాకా 11.66 గ్రాములు, అందులో వెండి 91.7 శాతం. అంటే అసలు వెండి 10.69 గ్రాములు. 1940 నుంచి 1945 దాకా వచ్చిన ఆరో జార్జి రూపాయి బరువు అంతే, కానీ వెండి సగమే: 50 శాతం వెండి, 40 రాగి, 5 నికెల్, 5 జింకు. 5.83 గ్రాముల వెండి అన్నమాట. దీని అంచు గీతల మధ్య సన్నటి గాడి, అందులో నగిషీ ఉంటుంది. దొంగ రూపాయలు ఆపడానికి పెట్టిన గుర్తు అది. 1947 రూపాయిలో వెండి లేదు, మొత్తం నికెల్. వెనక పులి ఉంటుంది. మన హాలీ రూపాయి 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం, అంటే 9.14 గ్రాములు. ఒక లాటులో మూడు విక్టోరియాలు, రెండు 1944లవి, ఒక హాలీ కనిపించాయనుకోండి. అసలు వెండి 32.07, 11.66, 9.14 కలిపి సుమారు 52.9 గ్రాములు. ఆరు రూపాయలు, ఒక్కోటి తులం అని నోటిలెక్క వేస్తే 70 గ్రాములు వస్తుంది. ఆ 17 గ్రాముల తేడా మీ జేబులోంచి పోతుంది. తులం మాట వచ్చింది కనుక, పాత తులం 11.66 గ్రాములు, ఇప్పుడు సరాఫ్ బజారులో తులం అంటే 10 గ్రాములు. అమ్మేవాళ్లు ఏ తులం చెబుతున్నారో అడగండి.

తేదీలు కూడా మోసం చేస్తాయి, అక్కడ అమ్మేవాడి తప్పు ఉండకపోవచ్చు. 1862 అని ఉన్న రాణి రూపాయి 1874 దాకా అదే ఏడు వేసి కొట్టారు. "160 ఏళ్ల రూపాయి" అని ఎగబడి కొనే వస్తువు కాదు. 1911 అయిదో జార్జి రూపాయిలో రాజు వస్త్రం మీది ఏనుగు పందిలా ఉందని గొడవ జరిగింది, 1912లో బొమ్మ మార్చారు. కొన్ని లాట్లలో ఆ 1911 రూపాయి నిజంగానే ఉంటుంది. 1939 రూపాయి సంగతి వేరు. అది నిజంగా అరుదు, అందుకే దొంగవి చాలా తిరుగుతున్నాయి. కిలో లెక్కన అమ్మే మూటలో 1939 కనిపిస్తే నా లెక్కలో అది దొంగదే, పరీక్షలో నిలబడేదాకా.

హాలీ రూపాయిల మీద చార్మినార్ బొమ్మ 1903 ప్రాంతంలో, హిజ్రీ 1321లో మొదలైంది. చార్మినార్ మధ్య ద్వారంలో ఒక ఉర్దూ అక్షరం చూడండి. మహబూబ్ అలీఖాన్ కాలపువాటిలో మీమ్, ఉస్మాన్ అలీఖాన్ కాలపువాటిలో ఐన్. ఉస్మాన్ అలీఖాన్ 1911లో, హిజ్రీ 1329లో గద్దెనెక్కాడు. 1321 తేదీతో ఐన్ అక్షరం ఉంటే దాన్ని పక్కన పెట్టేయొచ్చు. హిజ్రీని మన ఏడుకు మార్చడానికి 0.97తో గుణించి 622 కలపండి. 1330కి 1912 వస్తుంది. ఆ అంకెల్లో 4, 5, 6 మనవాళ్లకు కొత్తగా ఉంటాయి. ధర్మాబాద్‌లో, దెగ్లూర్‌లో ఉర్దూ మీడియంలో చదివిన పెద్దలు ఇంకా ఉన్నారు. ఫొటో చూపిస్తే నిమిషంలో చదివి పెడతారు. ఈ ఒక్క విషయంలో దూరపు పాటదారుల కంటే మన సరిహద్దువాళ్లది పైచేయి.

ఇక పాట. వేలంలో ముప్పై మంది ఒక మూటకు విలువ కడితే, గెలిచేది అందరికంటే ఎక్కువ ఊహించినవాడు. లోపల ఏముందో తెలియని వస్తువుకు ఇది మరీ నిజం. అందుకే మొత్తం ఖర్చు ఎంత దాకా అన్నది కాగితం మీద ముందే రాసి, వెనక్కి లెక్కేస్తాను. ఉదాహరణకు చేతికి వచ్చేసరికి 5,000 దాటకూడదనుకుందాం. పోస్టు ఖర్చు 150. పాట ధర మీద వేలం సంస్థ తీసుకునే ప్రీమియం (కమీషను) 15 శాతం, దాని మీద జీఎస్టీ 18 శాతం అనుకుంటే మొత్తం 17.7 శాతం. 4,850ని 1.177తో భాగిస్తే 4,120. నా పాట 4,100 దగ్గర ఆగాలి. అదే 5,000 పాడితే చేతికొచ్చేసరికి 6,035 అవుతుంది. ప్రీమియం, పన్ను ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. కొన్నిచోట్ల వస్తువు ధర మీద కూడా పన్ను పడుతుంది. నియమాలు చదవకుండా మొదటి పాట కూడా వేయకూడదు.

చివరి గంటలో ఒకే ఖాతా మీ ప్రతి పాట మీద పది, ఇరవై రూపాయలు పెంచుతూ పోయి, మీరు ఆగగానే తనూ ఆగితే అనుమానించండి. అమ్మేవాడి మనిషే పాట పెంచడం కొత్త సంగతి కాదు. ఆ ఖాతా అదే అమ్మకందారు మిగతా లాట్లలో కూడా పాడుతూ ఎప్పుడూ గెలవకపోతే ఇక సందేహం అక్కర్లేదు. గరిష్ఠ పాట ముందే పెట్టే వీలుంటే ఆఖరి నిమిషాల్లో పెట్టి ఫోన్ పక్కన పడేయడం మేలు. రోజుల ముందే పెడితే మీ హద్దు ఎంతో తడిమి చూసే సమయం వాళ్లకు దొరుకుతుంది.

గెలిచిన వెంటనే లాటు పేజీ, ఫొటోలు, వివరాలు, మీరు అడిగిన ప్రశ్నల జవాబులు స్క్రీన్‌షాట్లు తీయండి. వారం తర్వాత ఆ పేజీ ఉండకపోవచ్చు. డబ్బు వేలం వేదిక ద్వారానే కట్టాలి. "బయట పంపితే పది శాతం తగ్గిస్తా" అన్న ఫోన్ వస్తే, ఆ తగ్గింపుకు మీరు వదులుకునేది ఫిర్యాదు చేసే హక్కు.

పార్సిల్ వచ్చాక తొందరపడొద్దు. విప్పకముందే తూకం వేసి, ఆరు వైపులా లేబులు, సీలు కనిపించేలా వీడియో మొదలుపెట్టండి. వీడియో మధ్యలో ఆపకూడదు. అతికిన ముక్కల వీడియోను సాక్ష్యంగా ఒప్పుకోరు. అట్టపెట్టె కోసి, నాణేలు పళ్లెంలో పోసి, మొత్తం బరువు, తర్వాత లెక్క, తర్వాత ఫొటోలో కనిపించిన ప్రతి నాణెం రెండు వైపులా చూపించాలి. ఫొటోలో అంచు మీద నొక్కుడో గీతో ఉన్న రూపాయి గుర్తుపెట్టుకుని అదే వచ్చిందో లేదో చూడండి. పై వరుస రూపాయలే మారిపోవడం తరచూ జరిగే మోసం. తేడా ఉంటే అదే రోజు రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. వాపసు గడువు చాలా చోట్ల కొన్ని రోజులే.

తర్వాత పరీక్ష. 0.01 గ్రాము చూపించే చిన్న తూనిక, చిన్న అయస్కాంతం, పదింతలు పెద్దది చేసే భూతద్దం, వెర్నియర్ కాలిపర్స్ ఉంటే చాలు. మొదట బరువు. అరిగిన రూపాయి 11.4 దాకా దిగొచ్చు. 10.5 ఉంటే, లేదా 12 దాటితే ఏదో తేడా ఉంది. తర్వాత వ్యాసం. బ్రిటిష్ వెండి రూపాయి 30.5 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. వెండికి అయస్కాంతం అంటదు. అంటిన ప్రతిదీ దొంగది కూడా కాదు: 1947 రూపాయి, 1950 తర్వాతి నికెల్ రూపాయి అంటుకోవాలి, అంటకపోతేనే అనుమానం. ఇటీవలి స్టీలు రూపాయలు కూడా అంటుతాయి.

అన్నిటికంటే నమ్మకమైనది నీటి పరీక్ష, దానికి ఖర్చు లేదు. చిన్న గ్లాసులో నీళ్లు పోసి తూనిక మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, గ్లాసు అడుగుకూ పక్కలకూ తగలకుండా పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. తూనిక చూపించేది ఆ నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు. 11.66 గ్రాముల మంచి వెండి రూపాయికి 1.13 గ్రాముల దగ్గర రావాలి. సగం వెండి రూపాయికి 1.22. రాగి నికెల్ మిశ్రమం మీద వెండి పూత వేసినదైతే 1.31. ఇత్తడైతే 1.37. హాలీ రూపాయి 11.18కి 1.10. నాణేనికి గాలి బుడగలు అంటుకుంటే అంకె పెరుగుతుంది, కాబట్టి ముంచాక ఒకసారి మెల్లగా ఊపి చదవండి. బరువు, వ్యాసం సరిగ్గా ఉన్న దొంగ రూపాయి కూడా ఇక్కడ దొరికిపోతుంది.

భూతద్దంలో చూడాల్సింది అంచు, అక్షరాల మూలలు. అచ్చులో పోసిన దొంగ నాణేనికి ఉపరితలం మీద సూదిమొన బుడగలు, అంచు చుట్టూ సన్నని అతుకు గీత ఉంటాయి. అక్షరాలు సబ్బు ముక్క మీద చెక్కినట్టు మొద్దుగా కనిపిస్తాయి. మోత కూడా చెబుతుంది: నాణేన్ని వేలి కొస మీద నిలిపి ఇంకో నాణెంతో తేలిగ్గా తట్టండి. వెండి సన్నగా, ఎక్కువసేపు మోగుతుంది. బండ మీద వేసి మోగించడం మాత్రం వద్దు, అంచు నొక్కుకుపోతుంది.

కొన్ని వస్తువులకు పరీక్ష కూడా దండగ. రాముడు, సీత, హనుమంతుడి బొమ్మలతో "ఈస్టిండియా కంపెనీ 1818" అని ఉన్న రాగి బిళ్లలు కంపెనీ కొట్టినవి కావు. అలాంటి నాణెం ఎన్నడూ లేదు, తర్వాతి కాలంలో అమ్మకానికి చేసినవి. వాటికే "రైస్ పుల్లింగ్" శక్తి ఉందని, బియ్యం లాగుతుందని లక్షలు గుంజే ముఠాల గురించి మన రెండు వైపులా పోలీసు వార్తలు వస్తూనే ఉంటాయి. రాగి బియ్యాన్ని లాగదు. శాతవాహనుల సీసపు నాణేలు అంటూ మట్టి పూసి పంపే లాట్లు ఇంకో రకం. కరీంనగర్ వైపు కోటిలింగాలలో నిజంగానే శాతవాహన నాణేలు దొరికాయి, ఆ పేరు వినగానే మనవాళ్ల మనసు కదులుతుంది. కానీ సీసం 327 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది, పొయ్యి మీద అచ్చుపోయొచ్చు. వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు, పది రూపాయల బిళ్లలు 2012, 2013లో వచ్చినవి, లక్షలు పలికే వస్తువులు కావు.

"పొలంలో తవ్వితే దొరికాయి" అన్న లాటు జోలికి అసలు పోకండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగి దొరికిన పది రూపాయలకు మించిన నిధిని కలెక్టరుకు తెలపాలి. వందేళ్లు దాటిన నాణేలు 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. వాటిని దేశం బయటికి పంపకూడదు, వ్యాపారం చేయడానికి లైసెన్సు కావాలి. విదేశీ కొనుగోలుదారు ఉన్నాడని ఎవరైనా మీ హాలీ రూపాయిలు అడిగితే అక్కడే మాట ఆపేయండి.

అమ్మబోయినప్పుడు వచ్చే మోసం ఇంకా క్రూరమైనది. "మీ నాణేనికి అయిదు లక్షలు ఇస్తాం, ముందు రిజిస్ట్రేషన్, జీఎస్టీ, ఆర్బీఐ అనుమతి ఖర్చు కట్టండి" అంటారు. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది: పాత నోట్లు, నాణేల లావాదేవీల్లో తనకు సంబంధం లేదని, ఏ రుసుమూ కమీషనూ అడగదని, తన తరఫున ఎవరికీ అధికారం ఇవ్వలేదని. డబ్బు మీకు రావాలంటే యూపీఐ పిన్ కొట్టాల్సిన పని లేదు, క్యూఆర్ స్కాన్ చేయాల్సిన పని లేదు. డబ్బు పోతే ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యం అయ్యేకొద్దీ సొమ్ము ఖాతాలు మారిపోతుంది. వస్తువు విషయంలో మోసమైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

చివరగా, ఏరిన నాణేలను ఏం చేయాలి. చింతపండు, నిమ్మకాయ, పళ్ల పేస్టు ఏదీ తగలనీయకండి. ఏళ్ల తరబడి పట్టిన నలుపు పోతే నాణెం విలువ కూడా దానితోనే పోతుంది. మట్టి ఉంటే డిస్టిల్డ్ నీళ్లలో రాత్రంతా నానబెట్టి, రుద్దకుండా, మెత్తటి గుడ్డతో అద్దితే చాలు. పాత ప్లాస్టిక్ ఆల్బముల్లో ఉన్నవాటికి జిగురు పచ్చదనం పడుతుంది, అది అసిటోన్‌తో పోతుంది. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా చేయాలి. రాగి కాసుల మీద పొడిపొడిగా లేత ఆకుపచ్చ మచ్చలు కనిపిస్తే అది వేరే జబ్బు, లోహాన్ని తినేస్తూ పోతుంది. వాటిని వెంటనే వేరే డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. పీవీసీ కవర్లు మార్చి కాగితపు కవర్లలో వేసి, ప్రతిదాని మీద బరువు, నీటి పరీక్ష అంకె, ఏ లాటులో వచ్చింది, ఎంత పడింది పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా కాగితం దాటి లోహానికి అంటుతుంది.